రెండు నీడల బండ

కరెంటాఫీసులో ఇరవై రెండేళ్ళుగా
వెలుతురుని యూనిట్లలో కొలుస్తున్నవాణ్ణి.
మోకాళ్ళు మొరాయించే వయసులో
కాచిగూడలో ఓ మేడమీది గదికి పోయి
పెన్సిలు చెక్కడం నేర్చుకున్నాను.

ఘౌస్ మాస్టారు మొదటి నెలంతా
కోడిగుడ్డు తప్ప ఏమీ పెట్టలేదు ముందర.
"గీత గీయకండి సాబ్, గుడ్డుకి అంచు ఎక్కడుంది?
వెలుగు అలిసిపోయే చోటు చూడండి.
అక్కణ్ణించి మెల్లగా దిగండి నీడలోకి,
మెట్లు కనపడని బావిలోకి దిగినట్టు."
నేను దిగలేదు, దూకాను.
నా గుడ్లన్నీ సగం సున్నం, సగం బొగ్గు.

ఐదో నెలలో ఓ ఆదివారం
మమ్మల్ని తెచ్చి ఖాజాగూడ రాళ్ళ మధ్య వదిలేశాడు.
ఏనుగంత బండ. దాని వీపు మీద
పడనా మాననా అంటూ ఇంకో బండ.
నడుమన ఎవరో సున్నంతో వేసిన నంబరు, పద్నాలుగు.
అవతల రేకుల కంచె, కంచె మీద
రాబోయే అపార్టుమెంటు బొమ్మ.
ఆ బొమ్మలో ఎక్కడా నీడ లేదు.

పది గంటలకి మొదలుపెట్టాను.
పడమటి పక్క బండ నీడ
తడి గొంగడి ఆరేసినట్టు పరుచుకుని ఉంది.
దాని కొసన ఒకామె కూర్చుని
సద్ది విప్పుకుంటోంది.
పక్కన సుత్తి, రెండు ఉలులు, నీళ్ళ సీసా.
ఆమెనీ గీసేశాను నాలుగు గీతల్లో.
ముఖం నీడలో ఉంది కనుక సులువే.

తిన్నాక లేచి వచ్చి, భుజం మీదుగా చూసింది.
"గింత నల్లగ దిద్దినవేంది సారూ, కాలిందా రాయి?"
నీడ కదా, అన్నాను.
"నీడైతే? నీడల ఎండ ఉండదా?"
నా మణికట్టు పట్టుకుని
బండ కడుపు కింద ఆనించింది.

వేడి.
సూర్యుడు ఎన్నడూ తాకని చోట
నేల పైకి ఊదుతున్న వేడి.

వంగి చూశాను.
చీకటికీ మట్టికీ మధ్య
సన్నగా, ఎర్రగా, ఓ మసక వెలుతురు.
పక్కింటి నుంచి చేబదులు తెచ్చుకున్నట్టుంది.
మాస్టారు దీనికేదో పేరు చెప్పాడు,
నోటుబుక్కులో రాసుకున్నాను కూడా.
ఐదు నెలలుగా గుడ్డు కిందా ఉండే ఉంటుంది.

మెత్తటి రబ్బరు నలిపి
నలుపుని అద్ది అద్ది పైకి తీశాను.
అప్పుడు తిరిగింది బండ.
అంతదాకా కాగితానికి అతికించినట్టున్నది
వెనక్కి గుండ్రంగా ఒదిగి,
బరువుగా నేల మీద కూర్చుంది.

పేరడిగితే ఉసేనమ్మ అంది. పాలమూరు దిక్కు.
ఈ నంబరేంటి అంటే,
"బుధారం మందు పెడ్తరు దీనికి.
జల్ది గీసుకో."

జల్ది గీశాను.
నీడ హద్దు ముందే గీసి పెట్టుకోండి,
సూర్యుడు మీకోసం ఆగడు, అన్న మాట మరిచి
పన్నెండు గంటలకి
బండ పాదాల దగ్గర ముడుచుకున్న నీడని కూడా
నల్లగా, శ్రద్ధగా దిద్దాను.

మాస్టారు కళ్ళద్దాలు నుదుటికెక్కించాడు.
"మీ మొహల్లాలో ఇద్దరు సూర్యులా సాబ్?
ఒకటి చెరిపేయండి."

పన్నెండు గంటలది చెరిపితే
బండ కింద నా అరచెయ్యి తెలుసుకున్నది పోతుంది.
పది గంటలది చెరిపితే
ఉసేనమ్మ ఎండలో పడుతుంది,
చేతిలో ముద్ద చేతిలో ఉండగానే.
రబ్బరు జేబులో వేసుకున్నాను.

బుధవారం కౌంటరులో
బిల్లుల మీద స్టాంపు గుద్దుతూ గుద్దుతూ
మధ్యలో ఒకసారి ఆగాను.
చప్పుడేమీ వినపడలేదు.
ఖాజాగూడ ఎక్కడ, మా ఆఫీసెక్కడ.
క్యూలో ఎవరో దగ్గారు.

బొమ్మ బీరువా తలుపుకి అంటించి ఉంది.
పై బండ నెత్తిన, నేను పెన్సిలు తాకించని చోట,
కాగితం ఇంకా పది గంటల ఎండలా మెరుస్తుంది.
ఇంటికొచ్చినవాళ్ళు నీడలు రెండున్నాయని చూపిస్తారు.
అవును, తప్పే, అంటాను.
ఆమె మాత్రం జరగనక్కర్లేదు.